అక్క అరగంట ఆగమంది

"దాన్ని పీకడానికి వీల్లేదన్నానా" అని అత్తయ్య మూడోసారి అన్నారు. మా ఆయన ఇస్త్రీపెట్టె వైరు చేతికి చుట్టుకుని, చొక్కా భుజాన వేసుకుని, బనీనుతో నడవలో నిలబడి ఉన్నారు. అప్పటికి పావుగంట నుంచి ఇదే వరస. ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం తొమ్మిదిన్నరకి తెరుస్తారు. ముడతల చొక్కాతో వెళితే యజమాని నోరు విప్పడట, అద్దాల పైనుంచి ఒక చూపు చూస్తాడట. ఆ చూపు కంటే తిట్టే నయమట.

ఇస్త్రీపెట్టె బరువు మోయగల ప్లగ్గు మా ఇంట్లో ఒక్కటే ఉంది. మిగతా గదుల్లో పెడితే ఇల్లంతా చీకటి. ఆ ఒక్క ప్లగ్గులోనే, చెప్పుల అర మీద కూర్చుని, రెండేళ్ళుగా మామయ్యగారి కంప్యూటరు ఉంటోంది. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ అమ్మేసిన పాత సరుకు. లావుపాటి నిఘంటువంత ఉంటుంది. సన్నగా మూలుగుతూ, ఒక నీలం చుక్క వెలిగిస్తూ, పగలూ రాత్రీ మేలుకునే ఉంటుంది. ఇంటర్నెట్ తీగ లోపలికి వచ్చేది అక్కడే కాబట్టి అది అక్కడే ఉండాలి. ఈ రెండేళ్ళూ మా ఆయన చొక్కాలు పక్కింటివాళ్ళ ప్లగ్గు మీద బతికాయి. ఇప్పుడు పక్కింటివాళ్ళు ఊరెళ్ళారు.

మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, చాలా మెల్లగా, ఇంకెందుకే అది అన్నారు. ఎవరి కోసం పెట్టామో ఆ మనిషే లేనప్పుడు అన్నారు.

అత్తయ్య ఆ నీలం చుక్క వైపు చూశారు. తర్వాత అడిగారు.

"మరి మొన్న మూడింటికి ఎవరు వచ్చినట్టు?"

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. చేతుల్లో కడగడానికేమీ లేదు.

* * *

అత్తయ్య తల్లి బట్టలు కుట్టేది. ఇద్దరు కూతుళ్ళకీ ఆవిడే ముద్దుపేర్లు పెట్టింది, ఇద్దరికీ కుట్టుపెట్టెలోంచే. పెద్దదైన అత్తయ్య నోరు చూసి కత్తెర. చిన్నది రెండేళ్ళప్పుడు చొక్కా గుండీ మింగి, రెండు రోజులు ఇల్లంతా కంగారు పెట్టింది కాబట్టి గుండీ. ఆ పేర్లు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక కూడా పోలేదు. మా ఆయన కూడా గుండీ పిన్ని అనే అంటారు.

అత్తయ్య తల్లికి చివర్లో చూపు మందగించింది. చేత్తో చేసే పని పోయాక నోటితో చెప్పుకునేది. జాకెట్టు చెయ్యి ఎలా కత్తిరించాలి, లావుగా ఉన్నవాళ్ళకి లావు కనపడకుండా కుచ్చులు ఎక్కడ పెట్టాలి, ఎవరి పెళ్ళి జాకెట్టు ఎలా పాడైంది. పక్కన కూర్చుని అత్తయ్య అన్నీ టేపు చేసేవారు. మొత్తం ఇరవై ఆరు కాసెట్లు. అప్పట్లో గుండీ పిన్ని కుటుంబం భర్త ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉండేది, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేది. తల్లి పోయిన రెండేళ్ళకి ఈ ఊరికే వచ్చేశారు. వచ్చిన వారానికి, అక్కా ఆ కాసెట్లు ఒకసారి ఇవ్వవే, అమ్మ గొంతు వినాలనుంది అని అడిగిందట.

అత్తయ్య అన్న మాట నాకు మా ఆయన చెప్పారు. అప్పటికి నేనింకా ఈ ఇంటికి రాలేదు.

"బతికుండగా వినడానికి తీరనిదానికి, పోయాక ఎందుకే?"

అంతే. పదకొండేళ్ళు. ఒకే ఊరు, రెండు బస్సుల దూరం.

రెండేళ్ళ కిందట మామయ్య ఉద్యోగం నుంచి దిగారు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఏళ్ళు ఇనుప తాళ్ళ మధ్య తిరిగిన మనిషికి ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. వీడియోలు చూసి నేర్చుకుని, ఆ చలికాలమంతా కష్టపడి కాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక వెబ్ పేజీ తయారుచేశారు. పసుపు రంగు పేజీ, మీద ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా వరస, దేని మీద వేలు పెడితే అది మాట్లాడుతుంది. అడుగున, ఇప్పటివరకు ఎన్నిసార్లు విన్నారో చెప్పే అంకె, పక్కనే చివరిసారి ఏ కాసెట్టు ఎన్నింటికి విన్నారో. అత్తయ్య ఫోనూ తన ఫోనూ ఆ లెక్కలోకి రాకుండా ఏదో చేశారు.

కాపీ చేసి పంపితే సరిపోయేదిగా అని మా ఆయన అప్పుడే అన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. పంపిస్తే ఇచ్చేసి చేతులు దులుపుకున్నట్టు. ఇలాగైతే అది మనింటికి వచ్చి, విని, వెళ్ళినట్టు. రాకపోయినా వచ్చినట్టే.

పోస్టుకార్డంత అట్టముక్క మీద మామయ్య అడ్రసు రాశారు. నూట తొంభై రెండుతో మొదలై, మధ్యమధ్య చుక్కలతో నాలుగు అంకెలు. లిఫ్టులో ఎనిమిది మందికి మించి ఎక్కరాదు అని రాసే గుండ్రటి అక్షరాలవి. కింద అత్తయ్య తన చేత్తో రాశారు. అమ్మ గొంతు ఇక్కడ ఉంది, ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు విను, అక్క.

పోస్టు చేశారు. జవాబు రాలేదు. అంకె మాత్రం పెరిగింది.

పెంచింది నేను. మధ్యాహ్నం మూడింటికి మామయ్య పడుకుంటారు, అత్తయ్య మేడ మీద బట్టలు తీస్తారు. నేను ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పని తెచ్చుకుంటాను. చెవిలో తీగ పెట్టుకుని వింటూ కుడితే చెయ్యి బాగా నడిచేది. చంక దగ్గర గుడ్డకి ఊపిరి వదలాలి అంటుంది ఆవిడ ఒక కాసెట్లో. వెనకాల మిషను చప్పుడు, మధ్యలో ఎవరినో కసరడం. నేనెన్నడూ చూడని మనిషి నాకు పని నేర్పింది.

మొదటిసారి అంకె పెరిగిన సాయంత్రం అత్తయ్య ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. చెల్లి వచ్చిందే అన్నారు. అప్పటి ఆవిడ ముఖం చూసి నేను, అవునా అత్తయ్యా, అన్నాను. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకీ కష్టమైంది. ఆదివారాలు అంకె కదలకపోతే ఆవిడే సర్దిచెప్పుకునేవారు, ఆదివారం ఇంట్లో అందరూ ఉంటారు, దానికి వీలవదు పాపం అని. పద్నాలుగో కాసెట్టు ఎక్కువసార్లు వింటోంది, అందులో దాని గుండీ కథ ఉందిగా అని. ఆ కాసెట్లో చేతుల కత్తిరింపు కూడా ఉంది.

ఏదో ఒకరోజు అదే గుమ్మంలోకి వస్తుంది, చూస్తూ ఉండు, అనేవారు.

పన్నెండు రోజుల కిందట గుండీ పిన్ని పోయింది. ఊపిరితిత్తులు. ఆసుపత్రిలో చేర్చిన సంగతి కూడా మాకు పోయాకే తెలిసింది. ఆవిడ ముఖం నేను చూసింది ఆ రోజే. అత్తయ్య ముఖమే, కాస్త చిన్నగా. అత్తయ్య అక్కడ ఏడవలేదు. బస్సులో తిరిగొస్తూ, రోజూ వచ్చేదిగా, అని ఒకటికి రెండుసార్లు అన్నారు. ఏదో ఊరట ఉంది ఆ మాటలో. అందుకే అప్పుడూ నేను నోరు విప్పలేదు.

మొన్న మాత్రం చెయ్యి ఊరుకోలేదు. అలవాటుగా మూడింటికి పద్నాలుగో కాసెట్టు పెట్టుకుని, సగం అంచు కుట్టాక గుర్తొచ్చింది, అంకె కదిలి ఉంటుందని.

* * *

ఇస్త్రీ గొడవ జరిగిన ఆ రోజు మా ఆయన ముడతల చొక్కాతోనే దుకాణానికి వెళ్ళారు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి, గుండీ పిన్ని కూతురు మా ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ముప్పైకి దగ్గరగా ఉంటుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని. కాఫీ ఇస్తే వద్దంది. గుడ్డసంచీలోంచి మామయ్య రాసిన అట్టముక్క, ఒక పాత నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

ఇవి మీకు చెందాల్సినవి పెద్దమ్మా, ఇచ్చి పోదామని వచ్చాను, అంది. లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఒక్క ఫోను చేసి ఆ తాళం మాటేదో చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?"

ఏ తాళం అన్నారు అత్తయ్య.

తాళం పెట్టి అడ్రసు పంపారుగా, ఆ తాళం, అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. రోజూ వంద మంది చేతుల్లో సూది గుచ్చే మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడటం అలవాటై ఉంటుంది. అడ్రసు కొట్టగానే పేరు అడిగేదట, రహస్యపదం అడిగేదట. వాళ్ళమ్మ రెండేళ్ళు రకరకాలుగా కొట్టి చూసిందట. ఒక్కటీ తెరుచుకోలేదట. నేనడుగుతానమ్మా పెద్దమ్మని అంటే, వద్దు, నేను అడగాలనే అది తాళం పెట్టింది, నేను అడగను అనేదట.

తాళమూ లేదు, గొళ్ళెమూ లేదు, ఏం మాట్లాడుతున్నావు, అని మామయ్య ముందుకు జరిగారు. ఎవరైనా తెరవచ్చు. నాలుగు ఫోన్లలో నేనే చూశాను.

ఆ పిల్ల తన ఫోనులో అడ్రసు కొట్టింది. తిరుగుతూనే ఉంది తప్ప ఏమీ రాలేదు. చూశారా, ఇప్పుడైతే ఆ పేజీ కూడా రావడం లేదు, అంది. మామయ్య కాస్త గర్వంగానే, మా ఇంటి వైఫై కలుపుకో, అన్నారు. కలుపుకుంది.

పసుపు పేజీ వెంటనే తెరుచుకుంది. ఒకటి నుంచి ఇరవై ఆరు. పేరు అడగలేదు, ఏమీ అడగలేదు.

ఆ పిల్ల బొటనవేలు ఫోను మీద అలాగే ఆగిపోయింది.

ముందుగా అర్థమైంది మామయ్యకి. నాలుగు ఫోన్లూ ఈ ఇంట్లోవే అని మా ఆయన పక్కనుంచి అంటూనే ఉన్నారు, మామయ్య వినడం లేదు. కుర్చీలో వెనక్కి ఒరిగి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"లిఫ్టులో మూడో నంబరు మీట ఉంటుంది. ప్రతి బిల్డింగులోనూ ఉంటుంది. ఎక్కడ నొక్కితే ఆ బిల్డింగు మూడో అంతస్తుకే పోతుంది" అన్నారు. "ఈ అడ్రసూ అంతే, ఏ ఇంట్లో కొడితే ఆ ఇంట్లోనే వెతుకుతుంది. నేను వాళ్ళకి మన మీట నంబరు రాసి పంపాను."

వాళ్ళింట్లో ఏముంది అని మా ఆయన అడిగారు. ఆ నంబరుతో అక్కడ ఏదో ఉండి ఉంటుంది, అదే తాళం అడిగి ఉంటుంది. ఆ పిల్ల, వీధిగుమ్మానికి కెమెరా పెట్టించాము, దాని పెట్టె టీవీ కింద ఉంటుంది, అంది.

రెండేళ్ళు గుండీ పిన్ని తట్టింది తన ఇంటి గుమ్మం కెమెరా తలుపునే.

అత్తయ్య అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశారు. ఆవిడకి కంప్యూటర్ల సంగతి తెలియదు, కానీ లెక్క తెలుసు.

"అయితే మూడింటికి వచ్చేదెవరు?"

"నేనే అత్తయ్యా" అన్నాను.

కుట్టేటప్పుడు వినేదాన్నని చెప్పాను. ఇంకేదో చెప్పబోయాను. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తారు, చాలన్నట్టు.

"ఆదివారాలు?"

"ఆదివారం ఆయన ఇంట్లో ఉంటారు కదా. పని తియ్యను."

ఆవిడ తల ఊపారు. ఒక చిక్కు లెక్కకి జవాబు దొరికినట్టే ఊపారు. నేను మొదటి రోజే చెప్పి ఉంటే, అయితే గుండీ ఎందుకు వినడం లేదు అని ఎవరో ఒకరు అడిగేవారు. అడిగి ఉంటే రెండేళ్ళ కిందటే తెలిసేది. ఆ మాట ఆవిడ అనలేదు. ఇంతవరకూ అనలేదు.

నోటుపుస్తకం తీసింది ఆవిడే. కళ్ళజోడు కోసం వెతుక్కుంటే మా ఆయన అందించారు. తారీకులు వేసి, కొట్టి చూసిన మాటలన్నీ రాసి, ఒక్కొక్కటీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. అమ్మ పేరు. మిషను పేరు. చిన్నప్పటి ఇంటి నంబరు. చుక్క, అంటే వాళ్ళ పిల్లి. అమ్మ పోయిన తేదీ, అక్క పుట్టినరోజు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి ఒక్కో మాటా మూడు నాలుగు రకాలుగా ఉంది. కత్తెర ఒక్కటే ఏడుసార్లు ఉంది, ఒక టీతో, రెండు టీలతో, మధ్యలో హెచ్ తగిలించి, చివర హెచ్ తగిలించి. ఒకచోట పక్కన చిన్న అక్షరాలతో, దీని నోటికి స్పెల్లింగు కూడా లొంగదు, అని రాసుకుంది.

అది చదివి అత్తయ్య నవ్వారు. నిజంగానే నవ్వారు. ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక ముఖం మీదే ఉండిపోయింది.

ప్రతి పేజీలోనూ, నాలుగైదు కొట్టివేతల తర్వాత ఒకే వాక్యం ఉంది. చాలాసార్లు తప్పు కొట్టారు, అరగంట తర్వాత ప్రయత్నించండి అని ఆ కెమెరా పెట్టె ఇంగ్లీషులో చెప్పి ఉంటుంది. గుండీ పిన్ని దాన్ని తనకి అర్థమైనట్టు రాసుకుంది.

అక్క అరగంట ఆగమంది.

మళ్ళీ తర్వాతి పేజీలో. అక్క అరగంట ఆగమంది. ఆగి, మళ్ళీ కొట్టేది. చివరి తారీకు ఆసుపత్రికి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందుది.

అత్తయ్య పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ పిల్లని రాత్రికి ఉండిపొమ్మన్నారు. ఆ పిల్ల ఉండిపోయింది, ఎందుకో తనకే తెలియనట్టు.

* * *

మర్నాడు పొద్దున మామయ్య ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేశారు. మధ్యాహ్నానికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది, భుజాన పనిముట్ల సంచీ, రెండు కళ్ళజోళ్ళు, ఒకటి కళ్ళకి, ఒకటి నెత్తికి. చెప్పుల అర ముందు చతికిలబడి, మామయ్య పేజీ చూసి, రంగు ఎవరు ఎంచారండీ, కళ్ళు పోయేలా ఉంది, అంది. ఇంకోరోజైతే మామయ్య ఊరుకునేవారు కాదు.

ఆవిడ పని చేస్తూనే చెప్పింది. మా వీధిలో చాలా ఇళ్ళకి కలిపి బయట ఒకే అడ్రసు ఉందట. ముందు మాకంటూ వేరే అడ్రసు కావాలి. అది ఆవిడ ఆఫీసుకి ఫోను చేసి మార్పించింది. తర్వాత గోడకున్న పెట్టెకి చెప్పాలి, బయటినుంచి ఫలానా గుమ్మం తట్టి ఎవరొచ్చినా ఈ కంప్యూటరు దగ్గరికి పంపు అని. చెప్పకపోతే అది ఎవరినీ రానివ్వదు. రానివ్వకపోవడమే దాని ఉద్యోగం. చివరికి, అంకెలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఒక పేరు పెట్టుకోండి, అంది.

గుండీ అని పెట్టండి, అన్నారు అత్తయ్య.

ఆవిడ ఇంగ్లీషులో ఎలా రాయమంటారు, ఒక డీనా రెండా, అని అడిగింది. ఆ పిల్ల నోటుపుస్తకం తెరిచి, అమ్మ రాసుకున్నట్టు రాయండి, అని చూపించింది.

మొత్తం గంట పట్టలేదు. రెండేళ్ళ పని.

ఇంట్లో కూర్చుని చూస్తే ఏమీ తెలియదు, వైఫై తీసేసి బయటికెళ్ళి చూడండి, అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. అందరం చెప్పులేసుకుని వీధిలోకి నడిచాం. మందులషాపు దాటి, బస్సుల కోసం జనం నిలబడే చోట ఆగాం. ఆ పిల్ల ఫోనులో పేరు కొట్టి, పద్నాలుగు మీద వేలు పెట్టి, ఫోను అత్తయ్య చెవి దగ్గర పట్టుకుంది.

పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. ముందు మిషను చప్పుడు. తర్వాత ఆ గొంతు. ఇదిగో కత్తెరా, ఆ గుండీ ఏదే, పిలువు దాన్ని, ఈ చెయ్యి కత్తిరించడం ఇద్దరూ చూడండి.

బస్సు వచ్చింది, జనం ఎక్కారు, పోయింది. అత్తయ్య అక్కడే నిలబడి ఆ కాసెట్టంతా విన్నారు. అయ్యాక ఫోను ఆ పిల్లకి ఇచ్చేసి, ఇంటికి నడిచారు.

ఆ రాత్రి అన్నాలు తింటుండగా మా ఆయన తాళం సంగతి ఎత్తారు. ఇప్పుడు నిజంగానే బయటివాళ్ళెవరైనా రావచ్చు, ఒక రహస్యపదం పెట్టడం మంచిది అన్నారు. మామయ్య, వద్దురా, ఆ మాటెత్తకు, అన్నారు. ఇద్దరూ కాసేపు మెల్లగా వాదించుకున్నారు. ఆ పిల్ల తల వంచుకుని తింటోంది. నేను వడ్డిస్తున్నాను. నిన్న సాయంత్రం నుంచి అత్తయ్య నాతో పలకలేదు. అప్పుడు, ఇంకాస్త కూర వెయ్యమ్మా, దాని కంచంలో ఏమీ లేదు, అని ఆ పిల్లని చూపించారు. వేశాను.

తర్వాత ఆవిడ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, రేపు పాలు రెండు పాకెట్లు తెండి అన్నంత మామూలుగా చెప్పారు.

"ఆ కంప్యూటరు ఇక ఇక్కడ ఉండదు. రేపు మీ నాన్నా నువ్వూ తీసుకెళ్ళి గుండీ వాళ్ళింట్లో పెట్టి రండి. కాసెట్లు కూడా."

మా ఆయన అన్నం కలపడం ఆపేశారు. అయితే ఆ లైను పనంతా మళ్ళీ అక్కడ చెయ్యాలమ్మా, అన్నారు. పైగా అప్పుడు నువ్వు ఇక్కణ్ణుంచి, బయటినుంచి వినాలి.

"ఊఁ. బయటినుంచే వింటాను."

ఆ పిల్ల తల ఎత్తింది. మరి తాళం ఏం చెయ్యమంటారు పెద్దమ్మా, అని అడిగింది.

"మీ ఇల్లు, మీ ఇష్టం. పెడితే ఫోను చేసి అడుగుతాను" అన్నారు అత్తయ్య. "అరగంట ఆగమంటే ఆగుతాను."